కోటాసారస్ తలను దేని ఆధారంగా చేశారు?

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లోని కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం గురించి ఒక సందేహం. ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ యుగం తొలినాళ్ల ఈ శాకాహారికి 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి పేరు పెట్టారు. కనీసం 12 జంతువుల ఎముకలు కలగాపులగంగా బయటపడ్డాయి. పుర్రె మాత్రం లేదు, చెంచా ఆకారపు పళ్లు రెండే! మరి అక్కడి తలకు నమూనా ఏది? దానిలాంటిదే మరో డైనోసార్ బారాపాసారస్‌కూ పుర్రె దొరకలేదు కదా. వేర్వేరు జంతువుల ఎముకలను ఒకే ఒంటికి అమర్చేటప్పుడు కొలతల తేడా ఎలా సరిచేస్తారు? తొడ ఎముక చూపించి "ఇది అసలుదా, ప్లాస్టరా?" అని మా అమ్మాయి అడిగితే నీళ్లు నమిలాను. భూగర్భశాస్త్రం చదివినవారు, మ్యూజియాల్లో ఎముకలు అమర్చిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. ఊహాగానాలు వద్దు, అవి నా దగ్గరే బోలెడున్నాయి.