మా ఊరి పాత ఫైర్ షెడ్డు కూల్చేస్తారట. ఇది కాపాడుకోదగ్గ కట్టడమేనా?

వంశధార ఒడ్డు:
నమస్కారమండీ. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర చిన్న ఊరు. బజారు చివర ఒక ఫైర్ షెడ్డు ఉంది. ప్రభుత్వానిది కాదు, ఊరివాళ్లే జీతం లేకుండా నడుపుకున్నది. మా తాతగారు అందులో గంట కొట్టే డ్యూటీ చేసేవారు.

సున్నపు గోడలు, పెంకుల కప్పు, రెండు రెక్కల పెద్ద తలుపు, వెనకాల 30 అడుగుల సన్నటి ఇటుకల టవరు. లోపల గోడకి మామిడికాయలు కోసే దోటుల్లాంటి పొడవాటి కొక్కాలు ఇంకా ఉన్నాయి. అప్పట్లో అన్నీ తాటాకు ఇళ్లే. ఒకటి అంటుకుంటే, మంట వరసంతా పాకకుండా ముందు పక్కింటి కప్పు ఈ కొక్కాలతో లాగి పడేసేవారట. కప్పు పోయినవాళ్లకి మళ్లీ తాటాకు ఊరే ఇచ్చేది.

తలుపు పక్కన వంతుల పట్టీ పెయింటుతో రాసి ఉంది. కంసాలి వీధి, సాలె వీధి, కుమ్మరి వీధి, ఒక్కో వీధికి ఒక్కో రాత్రి. పై పేర్లు తెలుగులో, కిందవి ఒడియాలో. నాకు అన్నిటికంటే విలువైనది ఆ పట్టీయే.

ఇప్పుడు అక్కడ దుకాణాల గదులు కడతారని వినికిడి. "అదేమన్నా గుడా, కోటా?" అంటున్నారు. ఏం చెప్పమంటారు?

గుణుపురం మాస్టారు:
బాబూ, చట్టం సంగతి ముందు తెలుసుకో. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం పురాతన కట్టడం అనాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి. పాత కట్టడాల్ని కాపాడటానికి పనిచేసే ఇంటాక్ సంస్థ (1984లో పెట్టారు) తయారుచేసే జాబితాల్లో అంతకంటే కొత్తవీ ఉంటాయి కానీ, ఆ జాబితాలో పేరున్నంత మాత్రాన కూల్చడం ఆగదు. కాబట్టి షెడ్డు ఎప్పటిదో తేల్చాలి. మన ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వచ్చింది. అంతకుముందుదైతే మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాల్లో, అంటే చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో వెతకాలి. తర్వాతదైతే భువనేశ్వర్‌లో.

రిటైర్డ్ ఫైర్‌మ్యాన్, రాయగడ:
ఆ టవరు దేనికో మీ ఊళ్లో కుర్రాళ్లకి చెప్పండి. గంట కోసమే అనుకుంటారు, కాదు. పాత గొట్టాలు నూలువి, నారవి. తడిగా చుట్టి పెడితే బూజు పట్టి కుళ్లిపోతాయి, తర్వాత ప్రెషర్ రాగానే పగులుతాయి. అందుకని మంట ఆర్పి వచ్చాక పైనుంచి వేలాడదీసి ఆరబెట్టాలి. 50 అడుగుల గొట్టాన్ని మధ్యకి మడిస్తే 25 అడుగులు, మీ టవరు 30 అంటున్నారు, లెక్క సరిపోయింది! పైన కప్పీ ఉందేమో చూడండి. సింథటిక్ గొట్టాలు వచ్చాక ఈ అవసరం తగ్గిపోయింది. గోడలు మాత్రం నిలబెట్టి టవరు తీసేస్తే అది ఫైర్ షెడ్డు కాదు, మామూలు గోడౌన్.

బజారు కుర్రాడు:
అన్నా, కోపం తెచ్చుకోకు. మాకు దుకాణం అద్దెకి దొరకడమే కష్టంగా ఉంది. దాని చుట్టూ ఖాళీ స్థలం ఉంది కదా, గదులు అక్కడ కట్టొచ్చుగా? షెడ్డు జోలికి పోనక్కర్లేదు.

వంశధార ఒడ్డు:
తమ్ముడూ, కోపమెందుకు, నువ్వన్నదే మంచి దారి. వినతిలో అదే రాస్తాను.

ఫైర్‌మ్యాన్ గారూ, కప్పీ ఉందండీ, తుప్పు పట్టింది గానీ చక్రం తిరుగుతోంది. మాస్టారూ, 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖ, కాకినాడల మీద బాంబులేశాక ఆ భయంతోనే కట్టారని మా పెద్దవాళ్లు అంటారు. అదే నిజమైతే 100 ఏళ్లు నిండలేదు, కేంద్ర చట్టం పనికిరాదు. అయినా వదలను. జీతం లేదు, యూనిఫాం లేదు, నిద్ర మానుకుని ఇంకొకరి ఇల్లు కాపాడినవాళ్ల పేర్లవి. బుల్డోజర్‌కి అప్పగించలేను.

రిటైర్డ్ ఫైర్‌మ్యాన్, రాయగడ:
అయితే ఏప్రిల్ 14 దాటనివ్వకండి. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి 66 మంది ఫైర్‌మెన్ చనిపోయారు. అందుకే దేశమంతా ఆ రోజు అగ్నిమాపక దినం చేస్తుంది. మీ షెడ్డు ముందే జరపండి, అధికారులని పిలవండి. నేనూ వస్తాను.

వంశధార ఒడ్డు:
తప్పకుండానండీ. ఈలోగా పట్టీకి పగటి వెలుతురులో ఫొటోలు తీస్తాను. వినతి ఒడియాలో ఇవ్వాలి, నాకు మాట్లాడటం వచ్చు గానీ ఆఫీసు భాష రాదు. ఎవరైనా రాసిపెట్టగలరా?

గుణుపురం మాస్టారు:
నేను రాస్తాను. ముందు స్థలం ఎవరి పేరున ఉందో చూడు. పట్టా నకలు పంపు.