రోడ్ బైక్‌కి ఫుల్ సైజు ఫ్రేమ్ పంపు: సైజు ఎలా చూడాలి, ఊడకుండా ఎలా పెట్టాలి?

ప్రశ్న:
జేబు పంపుతో 28 మి.మీ. టైరుకి 80 పీఎస్ఐ ఒత్తిడి దాకా గాలి కొట్టేసరికి చేతులు పడిపోతున్నాయి. ఫ్రేమ్‌లో ఇరికించే పొడవు పంపు తీసుకుందామనుకుంటున్నా. టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) కింద 51 సెం.మీ. ఉంది. కార్బన్ ఫ్రేమ్, టాప్ ట్యూబ్ కాస్త వాలు. ఏ సైజు తీసుకోవాలి? గుంతల్లో ఊడిపోదా?

చైన్‌లింకు:
ఆ 51 ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారండీ? టాప్ ట్యూబ్ పొడవు లెక్కలోకి రాదు. పంపు కూర్చునేది దాని కింద లోపలి మూలల్లో. హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద నిలువు గొట్టం) వెనక మూల నుంచి సీట్ ట్యూబ్ (సీటు కింద గొట్టం) ముందు ముఖం దాకా టేపు పెట్టండి. సైజులకి జెఫాల్ హెచ్‌పీఎక్స్ పంపుకి నంబర్లు, టోపీక్ రోడ్ మాస్టర్ బ్లాస్టర్ పంపుకి అక్షరాలు, ఒక్కో సైజుకీ ఇంత నుంచి ఇంత అని ఉంటుంది. మీ కొలత ఆ రేంజి మధ్యలో పడాలి. పై అంచున పడితే పంపుని ఫ్రేమ్‌లో బిగించి ఉంచే స్ప్రింగ్ సరిగా నొక్కుకోదు, మొదటి గుంతకే పంపు జారుతుంది. జారినది ముందు చక్రంలో పడితే మనిషి ఎగిరి పడతాడు. అందుకని స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉన్నా ఒక వెల్‌క్రో పట్టీ చుట్టాల్సిందే.

వాలు ట్యూబుతో ఇంకో చిక్కు: పంపు వెనక కొస సీట్ ట్యూబ్ మీద కిందికి జారాలని చూస్తుంది. గుండ్రటి ట్యూబుకైతే పంపు కొసలోని గుంట చక్కగా కూర్చుంటుంది. చదునైన ఏరో ట్యూబు అయితే ఆశ వదులుకోండి.

గాలిగొట్టం:
పంపు గొట్టం సన్నగా ఉందని చిన్నచూపు చూడకండి. 100 పీఎస్ఐ దగ్గర 20 మి.మీ. పిస్టన్‌ని నెట్టడానికి సుమారు 22 కిలోల బరువు చాలు, 25 మి.మీ. అయితే 35 దాకా కావాలి. పొడవు పంపుకి బలం స్ట్రోక్‌లోనే (ఒక్కో తోపు పొడవులోనే) ఉంది, లావులో కాదు.

హెచ్‌పీఎక్స్ హ్యాండిల్ దగ్గర స్ప్రింగ్‌ని బిగించే మీట ఉంటుంది. కొట్టే ముందు దాన్ని తిప్పకపోతే ప్రతి తోపులో కొంత స్ప్రింగే మింగేస్తుంది.

తొలి ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. కొలత లోపలిదే, సీట్ ట్యూబ్ గుండ్రమే. వాల్వ్ విరిగిపోతుందని కొందరు అంటున్నారు, నిజమేనా?

పాతసైకిలు:
నిజమే, తప్పు మాత్రం పంపుది కాదు. మధ్యలో హోసు లేకుండా పంపు తల నేరుగా ప్రెస్టా వాల్వ్ (రోడ్ బైకుల సన్న వాల్వ్) మీద కూర్చుంటుంది, కాబట్టి చేతి ఊపంతా సన్నటి పుల్ల మీద పడుతుంది. వాల్వ్‌ని మీకు అందే ఎత్తుకి తిప్పుకోండి. ఎడమచేతి బొటనవేలు టైరు మీద వేసి, మిగతా వేళ్లతో పంపు తలని పట్టుకోండి, ఆ మోచేయి మోకాలికి ఆనించండి. కదలాల్సింది కుడిచేయి ఒక్కటే. తీసేటప్పుడు ఊపకుండా నేరుగా కిందికి ఒక దెబ్బ.

కొట్టినా గాలి ఎక్కకపోతే ముందు లోపలి వాషర్ చూడండి. ఎండిపోయి అంచులు ముడుచుకుంటే గాలి వెనక్కి తన్నుతుంది. పంపు గొట్టం విప్పి, రబ్బరు వాషరైతే సిలికాన్ గ్రీజు పలచగా రాసి, అంచు వేలితో వెడల్పు చేసి పెట్టండి.

కార్బన్ మీద మాత్రం నా ఓటు వేరే. ఆ కొసలు రుద్దీ రుద్దీ పెయింటు లేపేస్తాయి. తగిలే రెండు చోట్లా పారదర్శక టేపు వేయండి, మట్టి పడితే తుడవండి. టాప్ ట్యూబ్ కింద బ్రేక్ కేబుల్ పోతుంటే దాని మీద పంపు నొక్కకూడదు. ఈ తలనొప్పి వద్దనుకుంటే బాటిల్ కేజ్ పక్కన బ్రాకెట్‌కి తగిలించే, హోసు ఉన్న మధ్యస్థ పంపు మేలు.