‘నారు పోసినవాడు నీరు పోయడా?’ మరి ‘అపొల్లో నీళ్లుపోసెను’ సంగతేమిటి?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం, వందనాలు. ఒక మాట దగ్గర వారం రోజులుగా ఇరుక్కుపోయాను. మతం మీద చర్చ పెట్టడం నా ఉద్దేశం కాదు, అడిగేది మాట గురించే. కానీ సందర్భం చెప్పకపోతే ప్రశ్న అర్థం కాదు.

మాది దివిసీమలో ఒక పల్లె. చెన్నై వచ్చి పదకొండేళ్లు, అంబత్తూరు ఎస్టేటులో అకౌంట్ల పని. రెండేళ్లుగా శనివారం సాయంత్రాలు మా అద్దె ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతోంది. మొదట్లో నాలుగు తెలుగు కుటుంబాలం. తర్వాత కింది వాటాలో ఉండే తమిళావిడ చాపలు ఇచ్చి వెళదామని వచ్చి కూర్చుండిపోయింది. ఆవిడ వెనక ఇంకో రెండిళ్లవాళ్లు. ఇప్పుడు మా సంఘ (చర్చి) పెద్దలు, ‘ఇది దేవుని పిలుపేమో, అక్కడ సంఘం మొదలుపెట్టే భారం నీకుంటే ఒక పేజీ రాసుకురా, ప్రార్థన చేసి చూద్దాం’ అన్నారు. తెలుగులోనూ తమిళంలోనూ రాయాలట.

మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. ‘సంఘ స్థాపన’ అనాలా, ‘సంఘం నాటడం’ అనాలా? స్థాపన అంటే నాకు పాలరాతి పలక, దాని మీద పేర్లు, కత్తిరించిన రిబ్బను కనిపిస్తాయి. నాటడం అంటే పిక్కల దాకా బురద.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఉద్యోగం మానేసి పూర్తికాలం సేవలోకి వచ్చెయ్యమంటూ ఒక పెద్దాయన ‘నారు పోసినవాడు నీరు పోయడా?’ అన్నారు. ఇంటికొచ్చి బైబిలులో పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం, కొరింథీయుల మొదటి పత్రిక, 3వ అధ్యాయం తీశాను. 6వ వచనం: ‘నేను నాటితిని, అపొల్లో నీళ్లుపోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే.’ సామెతలో నారు పోసేదీ నీరు పోసేదీ ఒక్కడే, దేవుడు. వచనంలో నాటింది పౌలు, నీళ్లు పోసింది ఆయన తర్వాత వచ్చిన బోధకుడు అపొల్లో, ఇద్దరూ మనుషులే. మన తెలుగు బైబిలులో ఆ ‘నీళ్లుపోసెను’ చదివితే నాకు ప్రతిసారీ సామెతే వినబడుతోంది. మీకూ అంతేనా?

నెల్లూరు మాస్టారు:
బాబూ, ముందు ఒకటి గమనించు. సామెతలో నాటు అనే మాటే లేదు. నారు పోయడం వేరు, నాటడం వేరు. మొలకెత్తిన విత్తనాన్ని నారుమడిలో చల్లడం నారు పోయడం. పాతిక, ముప్ఫై రోజులకు ఆ నారు పీకి, కట్టలు కట్టి, ఇంకో మడికి మోసుకుపోయి బురదలో గుచ్చడం నాటడం. ‘నాటు’కి గుచ్చుకోవడం అనే అర్థం కూడా ఉంది. ముల్లు నాటుకుంది అంటాం, మాట మనసులో నాటుకుంది అంటాం. నాటినాక కొన్ని రోజులు పైరు వడలి పసుపు రంగుకొస్తుంది, చూసినవాడికి చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. ఆ తర్వాత మూన తిరుగుతుంది, అంటే వేరు పట్టి మళ్లీ పచ్చబడుతుంది.

ఇక సామెత. అది పుట్టించినవాడు తిండి పెట్టడా అనే అర్థంలో, ఇంట్లో నాలుగో బిడ్డ పుట్టినప్పుడు అమ్మమ్మలు చెప్పుకునే ధైర్యం. జీతం మానుకునేవాడికి చెప్పాల్సిన సామెత కాదు. ఆ పెద్దాయన మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ తప్పు చోట వాడారు.

వేదాంత విద్యార్థి (ఖమ్మం):
మాస్టారూ, వివరణ బావుంది. కానీ కొరింథులో వరి మళ్లు లేవండి! గ్రీకులో ఉన్న క్రియ ‘ఫ్యుతెవో’. మొక్క పెట్టినా, తోట వేసినా అదే. ఇదే పత్రిక 9వ అధ్యాయం 7లో అదే క్రియకు మనవాళ్లు ‘ద్రాక్షతోటవేసి’ అని రాశారు. కాబట్టి పీకి నాటడం అనే బొమ్మ పౌలుది కాదు, తెలుగు మనకు ఇచ్చింది. ఆ తేడా గుర్తుంచుకుంటే వాడుకోవడంలో తప్పేమీ లేదు.

అన్నా, మీ అసలు ప్రశ్నకు పనికొచ్చేది క్రియల కాలం. నాటాడు, నీళ్లు పోశాడు అనే రెండూ గ్రీకులో అయిపోయిన పనులుగా ఉన్నాయి. మూడోది మాత్రం జరుగుతూ వచ్చిన పని. అంటే ‘నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, దేవుడు పెంచుతూనే ఉన్నాడు’ అని. ‘వృద్ధి కలుగజేసినవాడు’లో ఆ సాగుదల మనకు వినబడదు. ఇంకో తమాషా: నీళ్లు పోయడానికి వాడిన ‘పొతిద్జో’ అంటే అసలు తాగించడం. 2వ వచనంలో ‘పాలతోనే మిమ్మును పెంచితిని’ అన్నచోట కూడా అదే క్రియ. పసిపిల్లకు పాలు తాగించిన మాటే, మొక్కకు నీళ్లు తాగించిన మాటా.

స్థాపనను కూడా తీసిపారేయకండి. నాలుగు వచనాలు దాటగానే పౌలు పొలం వదిలి మేస్త్రీ అయిపోతాడు: ‘నేర్పరియైన శిల్పకారునివలె పునాదివేసితిని, మరియొకడు దాని మీద కట్టుచున్నాడు.’ పోలిక మారినా సంగతి మారలేదు. మొదలుపెట్టినవాడు వేరు, తర్వాత వచ్చినవాడు వేరు.

ఇంకోటి. పౌలుది తార్సు. అపొల్లోది అలెక్సంద్రియ. పౌలు ఎవరింట్లో దిగాడో ఆ అకుల పొంతు వాడు, క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమా నుంచి వెళ్లగొడితే కొరింథు చేరాడు. తార్సు సంగతి తప్ప మిగతావన్నీ అపొస్తలుల కార్యములు 18లో ఉన్నాయి. ఒక్కడు కూడా ఆ ఊరివాడు కాదు! పౌలు అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు. అకులతో కలిసి డేరాలు కుట్టే పని చేసుకున్నాడు. ఉద్యోగం మానాలా వద్దా అనేది మీరూ మీ పెద్దలూ చూసుకోండి గానీ, 3:6ని మాత్రం మానెయ్యమనేవాళ్ల పక్షాన నిలబెట్టలేం.

పెరంబూరు అక్క:
నేను పుట్టింది, పెరిగింది పెరంబూరులోనే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు చదవడం పెళ్లయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను, ఇది మాత్రం మా అబ్బాయి టైపు చేస్తున్నాడు. తమిళ బైబిలులో మీ వచనం: ‘నాన్ నట్టేన్, అప్పొల్లో నీర్‌పాయ్చ్చినాన్, దేవనే విళైయచ్చెయ్‌దార్.’ నట్టేన్ మీ నాటుకి చుట్టమే. తేడా అపొల్లో దగ్గరుంది. తెలుగు అపొల్లో చెంబుతో మొక్క మొదట్లో నీళ్లు పోస్తున్నట్టుంటాడు. తమిళ అపొల్లో గట్టు తెగ్గొట్టి కాలవ నీళ్లు చేలోకి మళ్లిస్తాడు, పాయ్చ్చడం అంటే అదే. దేవుడి పని కూడా తమిళంలో పెంచడంతో ఆగదు, పండించడం.

సంఘం అన్నా ఇక్కడ జాగ్రత్త. తమిళంలో సంగం అంటే యూనియనో అసోసియేషనో అనుకుంటారు. ‘సబై’ అనాలి. అదే సభ అని మైలాపూరులో అంటే డిసెంబరు కచేరీకి టిక్కెట్లున్నాయా అని అడుగుతారు.

ఇప్పుడు నాకు గుచ్చుకున్న మాట చెబుతాను, ఏమీ అనుకోకు తమ్ముడూ. ‘నాలుగు తెలుగు కుటుంబాలం, తర్వాత తమిళావిడ’ అని రాశావు. మీరు పెట్టబోయేది ఎవరికి? ఊరి మీద బెంగతో తెలుగు పాటలు పాడుకోవడానికా? అది తప్పని నేననను, మా నాన్నమ్మ ఆ పాటల మీదే బతికింది. కానీ ఆవిడ పోయాక మేము ఎనిమిది మంది మనవలం తెలుగు ఆరాధనలో పెదవులు కదిపి, ఇంటికొచ్చి తమిళంలో ప్రార్థన చేసుకునేవాళ్లం. మా సంఘంలో ఎవరూ అది గమనించలేదు. ఇరవై ఏళ్లలో సగం మందిమి వేరే చోట్లకు వెళ్లిపోయాం. పైగా పిలుపు పిలుపు అంటున్నావు. పౌలుకు రాత్రి దర్శనంలో మాసిదోనియ దేశస్థుడొకడు నిలబడి, వచ్చి సాయం చెయ్యమన్నాడు. నిన్ను ఏ అంబత్తూరువాడు పిలిచాడు?

భాషాశాస్త్రం వైపు నుంచి ఒక సభ్యుడు:
నేను ఏ గుడికీ చర్చికీ వెళ్లను, మాటల మీద ఆసక్తితో వచ్చాను. తమిళ పత్రంలో మీకు తప్పకుండా ‘ఊళియం’ అనే మాట వస్తుంది. మీరు పరిచర్య, సేవ అనేదాన్ని వాళ్లు అలా అంటారు. సేవకుడు ‘ఊళియక్కారర్’. అందులో ళ అసలు మన ళ కాదు, ‘తమిళ్’లో చివర పలికేది. ఆ అక్షరం ఉన్నచోట మనకు తరచుగా డ ఉంటుంది. కోళి మన కోడి, ఏళు మన ఏడు, చోళులు మన దగ్గర చోడులు. ఆ లెక్కన ఊళియం మన ఊడిగం. కన్నడంలో ఊళిగ. మాట ఒక్కటే, కానీ తమిళ క్రైస్తవుల నోట అది గౌరవం, మన నోట ‘వాడికి ఊడిగం చేస్తున్నాడు’ అంటే తిట్టు. పాత కావ్యాల్లో రాణుల దగ్గర చెలులు చేసినప్పుడు తిట్టు కాదు, తర్వాత దిగజారింది. ఒకవైపు నుంచి చూస్తే తెలుగు వాడుకే గ్రీకు మూలానికి దగ్గర. మీరు చెబుతున్న వచనానికి ముందుదానిలోనే ‘పరిచారకులే గదా’ అని ఉందట కదా. ఆ గ్రీకు మాట వడ్డన చేసేవాడికి కూడా వాడేది.

కతోలిక సభ్యురాలు (గుంటూరు):
చిన్న చేర్పు. మేము తెలుగులోనే సంఘం అనం, ‘శ్రీసభ’ అంటాం. తమిళ కతోలికులు ‘తిరుచ్చబై’ అంటారు. తిరు అంటే శ్రీయే కాబట్టి ఈ విషయంలో మేము, అరవవాళ్లు ఎప్పుడో కలిసిపోయాం 🙂

మహబూబాబాద్ నుంచి:
మా డోర్నకల్ సంగతి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తిరునెల్వేలి వైపు తమిళులు. 1909లో మా ప్రాంతానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. 1945లో పోయేదాకా ఇక్కడే. అంటే ఆయన ‘నట్టేన్’ అని తమిళంలో అనుకుని మా తెలుగు నేలలో నాటారు. మీరు ఎదురు దిక్కుగా వెళుతున్నారు, అంతే తేడా. ముందు తమిళం సరిగ్గా నేర్చుకోండి.

మొదట అడిగినవాణ్ణి:
అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీ ప్రశ్న చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. నన్ను ఏ అంబత్తూరువాడూ పిలవలేదు. కలలో కూడా. ఇన్నాళ్లూ నేను ఎదురుచూస్తున్నది ఒక రకంగా బొట్టు పెట్టి పిలిచే పిలుపు. మాలో బొట్టే లేదు కదా అని మా ఆవిడ నవ్వింది. నన్ను పిలిచారా లేదా అని నేను కొట్టుకుంటుంటే, ఎవరూ పిలవకుండా వచ్చిన కింది వాటా ఆవిడ రెండేళ్లుగా ప్రతి శనివారం నాకంటే ముందు చాపలు పరుస్తోంది. నేను ఆవిడను ‘వచ్చినవాళ్ల’ లెక్కలో రాసుకున్నాను.

నిన్న ఆవిడకు నా తమిళ పేజీ చూపించాను. నా తమిళం చూసి కాసేపు నవ్వింది. ఆవిడ పుట్టిల్లు తంజావూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. మాస్టారు చెప్పినట్టు నారు, నాటు అంటూ నా గోడు వెళ్లబోసుకుంటే అంతా విని, ‘తంబీ, నడవు ఇప్పుడెందుకు రాశావు? మన శనివారం ఇంకా నాత్తంగాలే కదా’ అంది. తమిళంలో నడవు అంటే నాటు, నాత్తంగాల్ అంటే నారుమడి. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు ఒకే చాప మీద మొలకెత్తుతున్నారు, ఎవరినీ ఎక్కడికీ పీకలేదు.

కాబట్టి స్థాపన కొట్టేశాను, నాటడం కూడా కొట్టేశాను. పెద్దలకు రాసింది ఇది: ‘అంబత్తూరులో మాకు ఒక నారుమడి ఉంది. దాన్ని రెండు భాషల్లో చూసుకోవడానికి మీ అనుమతి, ఒక తమిళ సహోదరి తోడు కావాలి. ఉద్యోగం మానడం లేదు.’ ఆదివారం ఆరాధన అయ్యాక ఇస్తాను.

నెల్లూరు మాస్టారు:
బావుంది. అయితే మడిలో ఎక్కువ రోజులు ఉంచితే నారు ముదురుతుంది, ముదురు నారు నాటితే పిలకలు సరిగా రావు. ఆ సంగతి పేజీలో రాయక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు.

పెరంబూరు అక్క:
ఇచ్చేముందు తమిళం పేజీ ఒకసారి నాకు పంపు. నాత్తంగాల్ అని పలుకుతాం గానీ రాతలో అక్కడ రెండు త లు ఉండవు, రెండు పెద్ద ర లు ఉంటాయి.

నెల్లూరు మాస్టారు:
మనదీ అంతేనమ్మా. పాత రాతలో నారుకి బండి ఱ: నాఱు.