సొమ్ము చేసుకోవడం: ఎవరి సొమ్ము?

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను, మీ సాయం కావాలి.

అమెరికాలో పేరుమోసిన కోర్టు కేసుల మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. అందులో 2013 నాటి ఫ్లోరిడా సంగతి ఒకటి ఉంది. ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల కుర్రాణ్ని కాల్చి చంపిన కేసులో జార్జ్ జిమ్మర్‌మన్ నిర్దోషి అని ఆరుగురు మహిళల జ్యూరీ, అంటే కేసు విని తీర్పు చెప్పడానికి మామూలు జనంలోంచి ఎంచిన బృందం, జులై 13, శనివారం రాత్రి తేల్చింది. సోమవారానికల్లా ఆ ఆరుగురిలో ఒకరు పుస్తకం కోసం ఒక ఏజెంటును కుదుర్చుకున్నారు. పేరు బయటికి రాలేదు, బి37 అన్న నంబరే అందరికీ తెలుసు. భర్తతో కలిసి రాస్తారన్నారు. జనం మండిపడ్డారు. ఆ రాత్రి గడవకముందే ఆవిడ ఆ ఆలోచన మానుకున్నారు. విచారణ జరిగినన్నాళ్లూ జ్యూరీని బయటి ప్రపంచానికి దూరంగా ఉంచడం వల్ల జనంలో ఈ కేసు మీద ఎంత బాధ ఉందో తనకు తెలియలేదని ప్రకటన ఇచ్చారు.

నేను మొదట రాసిన వాక్యం ఇది: "తీర్పును సొమ్ము చేసుకోబోయి వెనక్కి తగ్గిన జ్యూరీ సభ్యురాలు."

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్న మా అమ్మకి చదివి వినిపించాను. చేతిలో కాయ అలాగే పట్టుకుని, "ఏం కాజేసిందే ఆవిడ?" అంది. పుస్తకం రాద్దామనుకుందమ్మా అంటే, "అంతేనా!" అని మళ్ళీ ఈనెలు తీసుకుంటూ కూర్చుంది. అమ్మకి ఆ మాటలో దొంగతనం వినిపించింది. మరి నాకెందుకు వినిపించలేదు? రోజూ పేపర్లో చూసీ చూసీ అరిగిపోయిందా?

మన నిఘంటువులు సొమ్మును సంస్కృతం "స్వమ్"కి వికృతిగా చూపిస్తాయి. స్వమ్ అంటే తనది. డబ్బు, నగ, ఆస్తి అన్న అర్థాలు ఆ తర్వాతివి. ఆ లెక్కన సొమ్ము చేసుకోవడం అంటే డబ్బు చేసుకోవడం ఒక్కటే కాదు, తనది కానిదాన్ని తనది చేసుకోవడం కూడా. అందుకే ఈ మాటకి కర్మగా ఏం వస్తాయో చూడండి: అమాయకత్వాన్ని, బలహీనతను, అవసరాన్ని, భయాన్ని. అన్నీ ఎదుటివాళ్లవే. "నా కష్టాన్ని సొమ్ము చేసుకున్నాను" అని ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు.

ఇంతకీ నా ప్రశ్న: జ్యూరీలో కూర్చున్న మనిషి తను చూసింది రాసి డబ్బు తీసుకుంటే ఈ మాట వాడవచ్చా?

*

పలాస నుంచి ఒక సభ్యురాలు: మా వైపు సొమ్ములంటే పశువులండి. సాయంత్రం అయ్యేసరికి "సొమ్ములు ఇంటికొచ్చేసాయా?" అని అడుగుతారు. పక్కవాడి ఆవుని తోలుకొచ్చి మన పాకలో కట్టేసుకోవడం గుర్తొచ్చింది మీ పోస్టు చదివితే.

హైదరాబాద్ నుంచి ఒక సభ్యుడు: అంత ఆలోచన ఎందుకండీ, "క్యాష్ చేసుకోవడం" అంటే సరిపోతుంది కదా. సినిమా వార్తల్లో రోజూ అదే.

*

పలాస మేడమ్ గారికి దండం. ఆ పాక బొమ్మ నాకు చాలా పనికొస్తుంది.

క్యాష్ చేసుకోవడం గురించి: దానికి అంత మచ్చ లేదండి. "హిట్ తర్వాత వచ్చిన క్రేజ్‌ను క్యాష్ చేసుకుంటున్నాడు" అంటే తెలివైనవాడు అనే వింటాం, ఒకోసారి మెచ్చుకోలు కూడా. క్రేజ్ అతనిదే కాబట్టి. ఇక్కడ చనిపోయింది ఒక పిల్లవాడు. అక్కడ ఆ మాట పెట్టడానికి నాకు చెయ్యి రాదు.

మాజీ భార్యను, ఆమె స్నేహితుణ్ని చంపాడన్న ఆరోపణ మీద పేరున్న ఆటగాడు ఓ.జె. సింప్సన్‌పై నడిచిన కేసు చూశాక ఇంకా తికమకపడ్డాను. 1995లో లాస్ ఏంజిలిస్‌లో ఆ జ్యూరీని 265 రోజులు ఇళ్లకు పంపకుండా హోటల్లో ఉంచారు. రోజుకి ఇచ్చింది 5 డాలర్లు. విచారణ సాగుతుండగా పదిమందిని తప్పించారు. ఒకావిడ పుస్తకం రాయబోతున్నారని జడ్జి లాన్స్ ఇటోకి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఆవిడ కాదన్నారు, అయినా జ్యూరీలో ఆవిడ చోటు పోయింది. తొలగించిన మరొకాయన డైరీ మాత్రం విచారణ ఇంకా నడుస్తుండగానే అచ్చయింది. చివరిదాకా కూర్చున్న ముగ్గురు మహిళలు తీర్పు తర్వాత అదే ఏడాది కలిసి పుస్తకం తెచ్చారు. వీళ్లందరినీ ఒకే క్రియతో కట్టేయడం న్యాయం కాదు.

కాలిఫోర్నియా వాళ్లు ఆ కేసు వేడిలోనే, 1994లో, ఒక చట్టం చేశారు. జ్యూరీ బాధ్యత నుంచి విడుదలయ్యాక 90 రోజుల వరకు కేసు సంగతులు చెప్పినందుకు జ్యూరీ సభ్యులు డబ్బు తీసుకోకూడదు, ముందే బేరం పెట్టుకోకూడదు. 91వ రోజు రాసుకుంటే తప్పు లేదు. భయమల్లా, పుస్తకం బాగా అమ్ముడుపోయే తీర్పు వైపు మనసు లాగుతుందేమోనని. ఇంగ్లండులో ఇంకా గట్టిగా, 1981 చట్టంతో, జ్యూరీ గదిలో ఎవరేమన్నారో బయటపెట్టడమే నేరం చేశారు.

*

గుంటూరు నుంచి ఒక సభ్యుడు: మీరు మెత్తబడుతున్నారు. ఆ ముగ్గురూ డబ్బు తీసుకోలేదా? సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా?

*

తీసుకున్నారండి. కానీ తొమ్మిది నెలలు ఇంటికి దూరంగా ఉన్నది వాళ్లు. ఆ ఒంటరితనం, ఆ అలసట, పిల్లల్ని చూడలేకపోవడం వాళ్ల సొంతం. తమది తాము అమ్ముకుంటే "రాసుకున్నారు" అంటాను. పక్క కుర్చీలో మనిషి నమ్మకంతో అన్న మాట, పోయినవాళ్ల కన్నవాళ్ల కన్నీళ్లు, చేతిలో ఉన్న తీర్పు, ఇవి వాళ్లవి కావు. వాటికి ధర కట్టినప్పుడే "సొమ్ము చేసుకున్నారు" అంటాను. ఒకే పుస్తకంలో రెండూ ఉండవచ్చు. అప్పుడు వాక్యం రెండు ముక్కలవుతుంది, అవనివ్వండి.

బి37 విషయంలో "తీర్పును" అన్న నా కర్మ తప్పు. తీర్పుకి ముందే ఆవిడ బేరమాడినట్టు వినిపిస్తుంది, అలా జరిగిందనడానికి ఆధారం నాకు కనిపించలేదు. అమ్మ విన్న దొంగతనం అక్కడి నుంచే వచ్చింది. ఇలా మార్చాను: "తీర్పు చెప్పి రెండు రోజులు కాకముందే పుస్తకానికి ఒప్పుకున్నారు, జనం కోపం చూసి మానుకున్నారు." ఎక్కడా సొమ్ము లేదు. ఆ రెండు రోజులే చెప్పాల్సింది చెబుతున్నాయి.

ఒక చిన్న పని మిగిలింది. "జ్యూరర్"కి నాకు నచ్చిన మాట లేదు. 1959లో బొంబాయిలో, భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో జ్యూరీలోని తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు, హైకోర్టు అది కొట్టేసింది. తర్వాత జ్యూరీయే మన క్రిమినల్ కోర్టుల్లోంచి పోయింది, మాట తెలుగులో ఊరే వ్యవధి దొరకలేదు. "న్యాయనిర్ణేత" అంటే పాటల పోటీ గుర్తొస్తోంది. "పెద్దమనిషి" అంటే రచ్చబండ. ప్రస్తుతానికి "జ్యూరీ సభ్యురాలు" అనే ఉంచాను. వ్యాసం రేపు మధ్యాహ్నం పంపాలి, మెరుగైనది ఉంటే ఈ రాత్రికే చెప్పండి.