కైరల్ కాలమ్‌లో రెండో పీక్ మాత్రమే ఎందుకు సాగుతోంది?

ల్యాబ్‌పిల్లాడు:
ఏఆర్‌డీలో (అనలిటికల్ ఆర్ అండ్ డీ) చేరి ఆరు నెలలే, తిట్టకండి. కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలైన రెండు ఐసోమర్లని హెచ్‌పీఎల్‌సీలో విడదీస్తున్నా. కాలమ్: కైరల్‌పాక్ ఏడీ-హెచ్, 250 × 4.6 మి.మీ., హెక్సేన్–ఇథనాల్ 80:20, 0.1% డీఈఏ (డైఇథైలమీన్), ఫ్లో నిమిషానికి 1 మి.లీ. మొదటి ఐసోమర్ 7 నిమిషాలకి సూదిలా వస్తోంది, రెండోది 10కి, అదీ వెడల్పుగా, వెనక తోకతో. మా సార్ కాలమ్ పోయిందంటున్నారు. కానీ ఫ్లో 0.5 చేస్తే రిజల్యూషన్, అంటే రెండు పీకులూ విడిపడటం, పెరిగింది, పోయిన కాలమ్ అలా బాగుపడుతుందా? అసలు ఒకే బరువు, ఒకే పోలారిటీ ఉన్న రెండిట్లో ఒకటి ఎందుకు వెనకబడుతుంది?

పాతకాపు:
కదిలేటప్పుడు రెండిటిదీ ఒకటే స్పీడు తమ్ముడూ. టీ-జీరో, అంటే ఎక్కడా అతుక్కోనిది బయటికి రావడానికి పట్టే టైమ్, 3 నిమిషాలనుకో, రెండూ సాల్వెంట్‌లో గడిపేది ఆ మూడే. మిగతాదంతా కాలమ్‌లోని పాలిమర్, అమైలోజ్‌కి అతుక్కుని కూర్చున్న టైమ్: ఒకటి 4 నిమిషాలు, ఇంకోటి 7. కుడికాలి చెప్పులో ఎడమకాలు అసలు దూరదని కాదుగా, దూరుతుంది, కాకపోతే వెంటనే తీసేస్తాం. నీ ఆల్ఫా, అంటే ఆ 7ని 4తో భాగిస్తే, 1.75, అంటే అతుక్కునే శక్తిలో తేడా మోల్‌కి దాదాపు 1.4 కిలోజౌల్స్. మామూలు హైడ్రోజన్ బంధంలో పదో వంతు కూడా లేదు!

సిలికాసుబ్బులు:
తోక సంగతి నేను చెప్తా. ఆ పాలిమర్ గాడిలో కార్బమేట్ ఎన్‌హెచ్ ఒకవైపు పట్టుకుంటుంది, ఫినైల్ రింగులు ఇంకోవైపు, బాగా ఇమిడిన ఐసోమర్ బయటపడటానికి టైమ్ పడుతుంది, ఈలోపు అదే ఐసోమర్‌లో మిగతా అణువులు ముందుకి వెళ్లిపోతాయి, పీక్ సాగుతుంది. ఫ్లో తగ్గిస్తే ఎక్కి దిగడానికి తీరిక దొరుకుతుంది, అందుకే నీకు బాగుపడింది. 40 డిగ్రీలు పెట్టినా పీక్ సన్నబడుతుంది కానీ చాలాసార్లు రెండూ దగ్గరికొచ్చేస్తాయి. ఇంకోటి, అలాంటి గాడులు తక్కువ, శాంపిల్ ఎక్కువైతే నిండిపోతాయి. పదింతలు పలచన చేసి ఇంజెక్ట్ చెయ్. తోక పోతే ఓవర్‌లోడ్.

పాతకాపు:
ఒక్క మాట, కాలమ్ కడుగుదామని డీసీఎమ్మో (డైక్లోరోమీథేన్) టీహెచ్ఎఫ్ఫో (టెట్రాహైడ్రోఫ్యూరాన్) పంపకు. ఏడీ-హెచ్‌లో పాలిమర్ సిలికా మీద పూత మాత్రమే, కరిగి డ్రెయిన్‌లోకి పోతుంది. మా దగ్గర ఒకతను నైట్ షిఫ్టులో అదే చేశాడు, పొద్దున రెండు ఐసోమర్లూ కలిసి ఒకే పీక్. కడగాలంటే ఇథనాల్ చాలు, ఫ్లో మాత్రం తగ్గించి. కైరల్‌పాక్ ఐఏ కాలమ్ అయితే పూత కాదు, బంధించిన పాలిమర్, తట్టుకుంటుంది.

ల్యాబ్‌పిల్లాడు:
పలచన చేశా అన్నా. తోక సగానికి తగ్గింది, పీక్ 10 నుంచి 10.4కి జరిగింది. మిగతా సగం ఆ గాడి వల్లేనేమో. సార్‌కి రేపు మూడ్ చూసి చూపిస్తా.