అప్‌డేట్: మిరప ముడత తామర పురుగు వల్ల కాదు, నల్లి వల్ల

మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఇది తామర పురుగు వల్లా, నల్లి వల్లా అని ఇంతకుముందు పోస్టులో అడిగాను. తేలింది: తెల్లనల్లి.

జవాబిచ్చినవాళ్లు ముందు ముడత ఎటు ఉందో చూడమన్నారు, అదే పనికొచ్చింది. తామర పురుగైతే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. నా మొక్కల్లో కిందికి వంగి, తిరగేసిన పడవలా ఉన్నాయి. ఆకు కాడలు కూడా సాగాయి, ఆకు ముదురు ఆకుపచ్చగా మారింది. ఇవన్నీ నల్లి గుర్తులే. చిగురును తెల్ల కాగితం మీద దులిపితే సన్నగా, పొడుగ్గా ఉండే తామర పురుగులు ఒక్కటీ రాలలేదు. భూతద్దంతో ఆకు అడుగున చూస్తే మెరిసే చుక్కల్లా నల్లి కదులుతోంది. దీనికి ఎనిమిది కాళ్లు, నిజానికి పురుగే కాదు, సాలీడు జాతి. అందుకే షాపువాళ్లు ఇచ్చిన తామర పురుగు మందు పనిచేయలేదు.

నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక ఆకు అడుగు తడిసేలా కొట్టాను. ముడుచుకున్న పాత ఆకులు అలాగే ఉన్నాయి, కొత్త చిగురు మాత్రం సాఫీగా వస్తోంది.

పూత మొదలైంది. 2021లో గుంటూరు, ఖమ్మం మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలోనే చేరుతుంది కాబట్టి ఇప్పుడు పూలు విప్పి చూస్తున్నాను. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.