ఒకే రోగం, రెండు రకాల వైద్యం: మీ అనుభవాలు రాయండి

తొలకరి: ప్రాథమిక వైద్యంలో పేదవారికీ, ఉన్నవారికీ మీరు చూసిన తేడా ఏమిటి? పరీక్షలు, మందులు, డాక్టరు మాటతీరు, ఏదైనా రాయండి. మా నాన్న కూలిపని చేస్తారు. షుగరు వచ్చి ఆరేళ్లయింది. ఇంతవరకు ఆయన పాదాలు పట్టి చూసిన డాక్టరు లేరు.

పాతనర్సు: ఇరవై రెండేళ్లు ఈ పనిలో ఉన్నాను, నా మాట నమ్మండి. వరుసలో అరవై మంది నిలబడి ఉంటే ముందు ఎగిరిపోయేది అలాంటి పరీక్షే. బీపీ కూడా చొక్కా మీదే చూసి పంపేస్తారు. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి మందు రాసేస్తారు. పెద్ద పట్టీ కావాలని నేను ఎన్నిసార్లు అడిగానో!

అంకెలమనిషి: అసలు లోటు సమయానిది. 67 దేశాల లెక్కలు చేర్చి 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే సగటు సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు.

రెండోకూతురు: నిమిషాలు లెక్కపెట్టి ఏం లాభం? మా అమ్మకు పావుగంట ఇచ్చారు, కానీ వెళ్లిన ప్రతిసారీ కొత్త డాక్టరే. ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పుకోవడం, అదే దగ్గుమందు తెచ్చుకోవడం. నాలుగో నెలలో టీబీ అని తేలింది. కలిగినవారికి ఇంటి డాక్టరు ఉంటారు, మాకు ఉండరు. తేడా అక్కడుంది.

పాతనర్సు: రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష రాయాలి. అందుకు పాత డాక్టరే అక్కర్లేదమ్మా.

రెండోకూతురు: మరి నలుగురిలో ఒక్కరూ ఎందుకు రాయలేదు? తప్పు మా అమ్మదా?

పాతనర్సు: నేను అలా అనలేదు. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లం మేము. పై నుంచి కింది దాకా అందరినీ ఒకే గాటన కట్టకండి.

రాత్రిపాళీ: మీరు డాక్టరు గదిలోపలి సంగతి మాట్లాడుతున్నారు. నేను గుమ్మం దాకా రాలేకపోతున్నాను. నేను నిద్రపోయే వేళకు తెరుస్తారు, పనికి బయలుదేరే వేళకు మూసేస్తారు. వెళ్తే ఆ రోజు కూలి పోతుంది.

పరిశోధకుడు: ఈ రంగం మీదే పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ దొరుకుతుందని జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే బ్రిటన్ డాక్టరు 1971లోనే రాశారు. ఇక గుమ్మం దాటినంత మాత్రాన గండం గడవదు. అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో వైద్యం అందక ఏటా 36 లక్షల మంది, అందినా అది నాసిరకం కావడంతో 50 లక్షల మంది చనిపోతున్నారని 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ అంచనా వేసింది.

రాత్రిపాళీ: అయితే నా కూలి సంగతి ఏమిటి? ఆ లెక్కలో అది లేదా?

తొలకరి: నేను అడిగింది పాదాల గురించి. నిన్న నాన్న కుడి మడమ మీద పుండు చూశాను. నొప్పి లేదంటున్నారు.

పాతనర్సు: నొప్పి లేకపోవడమే భయపడాల్సిన సంగతి, నరాలు మొద్దుబారి ఉంటాయి. వేళ్ల సందులు కూడా చూడండి. చెప్పులు లేకుండా నడవనివ్వకండి. డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే మేజోడు విప్పి, కాలు ఆయన ముందు పెట్టించండి. రేపటి దాకా ఆగకండి.

తొలకరి: బయలుదేరుతున్నాం.